మొదటి ఉతుక్కే సహజ రంగు వెలిసిపోతోందన్న ప్రశ్నకి

తప్పు ఎర్ర రంగిచ్చే మంజిష్ఠ వేరుది కాదండి, గుడ్డలో గంజీ జిడ్డూ పోకుండానే, రంగుని పట్టించే పటికలో వేసేస్తున్నారు, రంగు పైపైనే అంటుకుని మొదటి ఉతుక్కే వదిలేస్తోంది. టీచరు, డిజైనరు, టైలరింగు అని ఇన్ని పనులు మారి ఇప్పుడు సహజ రంగుల దగ్గర కూడా ఓడిపోయానన్నారు, అస్సలు కాదు, రంగుల జోడింపు తెలిసిన మీ కన్ను ఎంతమందికుంటుంది.

1. కాటన్‌ని వాషింగ్ సోడాతో గంటసేపు ఉడకబెట్టండి. నీళ్ళు టీ రంగుకి తిరిగితే ఇంకోసారి.

2. చాలామంది వదిలేసేది ఇదే, పటికకి ముందు కరక్కాయ. పట్టు, ఉన్ని పటికని నేరుగా పట్టుకుంటాయి, కాటన్‌ అలా పట్టుకోదు, మధ్యలో కరక్కాయలోని వగరు (టానిన్) ఉండాలి. 100 గ్రాముల పొడి గుడ్డకి 20 గ్రాముల కరక్కాయ పొడి, రాత్రంతా నాననిచ్చి, పిండి, జాడించకుండా ఆరేసి, అప్పుడు 15 గ్రాముల పటిక కరిగించిన నీళ్ళలో వేయండి.

3. వంటింటి పసుపుతో వేసిన రంగు మాత్రం ఏం చేసినా ఎండకి వెలుస్తుంది, బదులు దానిమ్మ తొక్క వాడండి.