‘విధి వ్యంగం’ అనవచ్చా?

సందేహం: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువు. ఒక స్మారక సంచికకు రాసిన వ్యాసంలో ‘ఊరందరికీ ఇళ్లు కట్టిన మేస్త్రీకి సొంత ఇల్లు లేకపోవడం విధి వ్యంగం’ అన్నాను. సంపాదకులు చివరి రెండు మాటలూ కొట్టేశారు. ఒడియాలో ‘భాగ్యర బిడంబనా’ అంటాం కాబట్టి ‘విధి విడంబన’ అని మార్చితే సరిపోతుందా? అసలు ఇంగ్లీషువాళ్ల ‘ఐరనీ’కి తెలుగు మాట ఏది? వ్యంగ్యమా, ఎత్తిపొడుపా, వెటకారమా? మా మామ్మ రథయాత్ర రోజున జగన్నాథుడి ముందు నిలబడి ‘చేతుల్లేనోడివి, నాకేటిస్తావు’ అని తిడుతుంది. అదీ ఇందులోకే వస్తుందా?
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా, ఒడిశా

సమాధానం: కొట్టేయవలసిన మాటలే. అయితే వాటిలో ఉన్న రెండు తప్పులూ వేర్వేరు రకాలవి.

మొదటిది వర్ణక్రమం. ఒడియాలో ‘బ్యంగ’ అని గకారం కింద యకారం లేకుండా రాయడం మామూలు. కార్టూన్‌ను ‘బ్యంగచిత్ర’ అంటారు. ఆ అలవాటుతో తెలుగులో ‘వ్యంగం’ అని రాస్తే అర్థమే మారిపోతుంది. వ్యంగం అంటే అవయవలోపం ఉన్నది. వ్యంజన అనే శబ్దశక్తి వల్ల తెలిసేది వ్యంగ్యం. గకారం కింద యవత్తు ఉండి తీరాలి. సరిహద్దు జిల్లాల పిల్లల రాతల్లో ఎక్కువగా జారిపోయే వత్తుల్లో ఇదొకటి.

రెండోది ప్రయోగం. వత్తు దిద్దినా ‘విధి వ్యంగ్యం’ తెలుగులో అతకదు. వ్యంగ్యం మాటకు ఉంటుంది, సంఘటనకు ఉండదు. ఆలంకారికుల లెక్కలో అయితే వ్యంగ్యంలో వెక్కిరింత ఉండాలన్న నియమం కూడా లేదు. పైకి అనకుండా తోచేదంతా వ్యంగ్యమే. మమ్మటుడు కావ్యప్రకాశంలో ఇచ్చిన ‘సూర్యుడు అస్తమించాడు’ అన్న వాక్యం చూడండి. పశువుల కాపరికి అది ‘ఆవుల్ని తోలుకుపోదాం’, పనివాడికి ‘ఇవాళ్టికి చాలిద్దాం’, నిష్ఠాపరుడికి ‘సంధ్య వార్చాలి’. ఎగతాళి ఎక్కడా లేదు. ఇవాళ్టి వాడుకలో వ్యంగ్యం కుంచించుకుపోయి ఎగతాళి రచనకు, బొమ్మకు పేరుగా మిగిలింది. పాతదో కొత్తదో, ఏ అర్థం తీసుకున్నా అనేవాడొకడు ఉండాలి. విధి ఏమీ అనదు. పత్రికల్లో కనిపించే ‘వ్యంగ్యంగా, అగ్నిమాపక కేంద్రమే తగలబడింది’ లాంటి వాక్యం ఇందుకే నవ్వు తెప్పిస్తుంది. వ్యంగ్యంగా ఎవరు మాట్లాడారు, మంటలా?

ఇక విడంబన. సంస్కృతంలో దానికి అనుకరణ, పరిహాసం అని అర్థాలు. ఒడియా, హిందీ భాషలు దాన్ని విధి ఆడిన పాడు పరిహాసం వైపు తీసుకుపోయాయి. తెలుగులో అది అనుకరణ దగ్గరే ఉండిపోయింది. ఒకరి శైలిని పట్టుకుని వెక్కిరిస్తూ రాసేది విడంబన రచన. ‘విధి విడంబన’ వ్యాకరణానికి విరుద్ధం కాదు కానీ, ఒడియా రాని తెలుగువాడు దాన్ని చదివి ‘విధిని ఎవరు అనుకరించారు?’ అనుకుంటాడు. పైగా సగంమంది దాన్ని ‘విలంబన’గా, అంటే ఆలస్యంగా చదువుకునే ప్రమాదం ఉంది. విధి వైచిత్రి, విధి విలాసం తెలుగువాళ్లు ఎరిగిన మాటలు. నన్నడిగితే అవీ అరిగిపోయాయి. ఇలాంటి సందర్భానికి తెలుగు నామవాచకాన్ని వెతుక్కోదు, సామెతను వాడుకుంటుంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. కంచే చేను మేసింది. రెండో సామెతలో పనంతా చేస్తున్నది ‘కంచే’ చివరి ఏకారం. దాన్ని తీసేసి ‘కంచె చేను మేసింది’ అని చూడండి, పోటు సగానికి పడిపోతుంది.

ఐరనీకి ఒక్క తెలుగు మాట లేదు. ఉండాలని పట్టుబట్టడమూ అనవసరం. గ్రీకు హాస్యనాటకాల్లో ఏమీ తెలియనట్టు నటిస్తూ గొప్పలు పోయేవాణ్ణి బోల్తా కొట్టించే పాత్రను ‘ఐరోన్’ అనేవారు. ఆ నటన పేరే తర్వాత మాట మెలికకీ, విధి మెలికకీ, నాటకంలో మెలికకీ పాకింది. తెలుగు ఆ మూడింటినీ ఒకే గంపలో వెయ్యలేదు. ఎవరు, ఎవరిని, ఎందుకు అంటున్నారన్నదాన్ని బట్టి వేర్వేరు మాటలు పెట్టుకుంది.

ఉదాహరణకు అప్పుల్లో ఉన్న తమ్ముడు కొత్త మోటారు సైకిలు కొన్నాడనుకుందాం. ‘అప్పులున్నోళ్లకే కదరా కొత్త బళ్లు!’ అని అప్ప (అక్క) అంటే అది ఎత్తిపొడుపు. తప్పును ఎత్తి చూపి, ఆ మొనతోనే పొడవడం. ‘నా గాజులు తాకట్టు పెడితేనే కదా నీ ఫీజు కట్టింది’ అంటే దెప్పిపొడుపు. చేసిన మేలును తవ్వి తీయడమే తప్ప ఇందులో మెలిక లేదు, ఇది ఐరనీ కాదు. ‘అబ్బో, దొరగారికి బండి లేకపోతే కాలు కదలదు మరి’ అంటే వెటకారం, మీ వైపు పలుకుబడిలో ఎటకారం. పదిమందిలో నవ్వులపాలు చేయడానికే అంటే ఎద్దేవా. అదే బావ వచ్చి ‘బండి సరే, వెనకాల కూర్చునే మనిషిని చూశావా?’ అంటే పరాచికం. పరాచికానికి వరస కుదరాలి. బావకు చెల్లిన మాట చిన్నాన్న అంటే పెడగా వినిపిస్తుంది.

మాటకు ఉన్న అర్థాన్ని పూర్తిగా తోసేసి దాని ఎదురర్థాన్ని తీసుకోవడాన్ని శాస్త్రంలో విపరీతలక్షణ అంటారు. ‘ఎంతో మేలు చేశావు, ఏం చెప్పను! ఇలాగే చేస్తూ నూరేళ్లు సుఖంగా బతుకు’ అని అపకారితో అనే శ్లోకాన్ని మమ్మటుడే ఉదాహరించాడు. ఎదురర్థం తీసుకోవాలని వినేవాడికి ఎలా తెలుస్తుంది? సందర్భం వల్ల, గొంతు విరుపు వల్ల. ఆ విరుపునే కాకువు అంటారు. తెలుగులో వీటికి తోడు వ్యాకరణం కూడా సాయపడుతుంది.

ఒక సాయం గౌరవవాచకం. నువ్వు అనవలసిన కొడుకును ‘తమరికిప్పుడు తెల్లారిందా బాబూ?’ అంటే చాలు, మెట్టు పెంచడమే దెబ్బ. ఇంకొకటి ‘పెద్ద’ అనే విశేషణం: పెద్ద చెప్పొచ్చావు, పెద్ద పోటుగాడివి. మూడోది ‘లే’. దీంతో జాగ్రత్తగా ఉండాలి. ‘బాగానే చదువుతావులే’ అంటే ఓదార్పు. ‘బాగా చదివావులే’ అంటే పొడుపు. మెచ్చుకోలు మాట, మధ్యమ పురుష, భూతకాలం కలిసినచోట ‘లే’ చేరితే చాలావరకు ఎదురర్థమే. భవిష్యత్తు మీద చేరితే ఊరడింపు. ఒడియా మాధ్యమంలో చదివి తెలుగు రాసే పిల్లలు ఈ రెండు ‘లే’లనూ కలిపేస్తారు. అత్తగారికి ఫోన్లో ‘వంట బాగా చేశారులెండి’ అని సందేశం పెట్టి మెచ్చుకున్నామనుకుంటారు. కాగితం మీద, ఫోను తెర మీద గొంతు ఉండదు కాబట్టి ఆ ‘లెండి’ ఒక్కటే వినిపిస్తుంది. మెచ్చుకోవాలంటే ‘వంట చాలా బాగుందండీ’ అని ఊరుకోవాలి. కొందరు బ్రాకెట్లో ఆశ్చర్యార్థకం పెట్టి వ్యంగ్యమని గుర్తు చేస్తుంటారు. వాక్యం తన పని తాను చేయలేనప్పుడే ఆ ఊతకర్ర కావాలి.

పెద్దవాళ్ల దగ్గర గౌరవవాచకపు మెలిక పనిచేయదు. అప్పటికే మీరు, గారు అంటున్నాం, ఇంకో మెట్టు ఎక్కడుంది? అక్కడ తెలుగు దారి మార్చి పిల్లి మీదా ఎలక మీదా పెట్టి అంటుంది. కవిత్వంలో దాని పేరు అన్యాపదేశం.

ఎదురర్థంలో వాడీ వాడీ అసలు అర్థం చచ్చిపోయిన మాటలూ ఉన్నాయి. నిర్వాకం నిర్వహణకు చుట్టం. ఇప్పుడు ‘నీ నిర్వాకం చాల్లే’ అనడానికి తప్ప పనికిరాదు. వెలగబెట్టడం, ఉద్ధరించడం, ఘనకార్యం కూడా అదే బాటలో ఉన్నాయి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ప్రబుద్ధుడు. మేల్కొన్నవాడు, జ్ఞాని అని సంస్కృతార్థం. ఒడియాలో ఆ గౌరవం ఇప్పటికీ నిలిచే ఉంది, ‘ప్రబుద్ధ బ్యక్తి’ అంటే పెద్దమనిషి. తెలుగులో ‘ఈ ప్రబుద్ధుడు’ అంటే మోసగాడు, పనికిమాలినవాడు. రాయగడలోనో బరంపురంలోనో సభ జరుగుతుందనుకోండి. ఒడియా కార్డును పక్కన పెట్టుకుని ‘ప్రబుద్ధులందరికీ ఆహ్వానం’ అని తెలుగు కార్డు వేస్తే వచ్చేవాళ్లకు కోపం రావడం న్యాయమే. ‘విజ్ఞులందరికీ’ అనండి. ‘వేషం’ సంగతి దీనికి తలకిందులు. ‘వేషాలెయ్యకు’ అని తెలుగంతటా తిట్టు, బరంపురం ఠాకురాణి యాత్రలో వేషం వేయడం మొక్కు తీర్చుకోవడం. ఒకే ఇంట్లో ఒకే రోజు రెండు అర్థాలూ వినిపిస్తాయి.

ఇప్పుడు మీ మామ్మగారి సంగతి. నిందలా కనిపించే పొగడ్త, పొగడ్తలా కనిపించే నింద రెండూ వ్యాజస్తుతి అలంకారం కిందికి వస్తాయి. మొదటిదానికే వాడుకలో నిందాస్తుతి అని పేరు. అప్పయ్యదీక్షితులు కువలయానందంలో చూపిన ఉదాహరణ ఇది: ‘గంగా, నీకు వివేకమేది? పాపుల్ని స్వర్గానికి తీసుకుపోతున్నావు.’ నింద ఎక్కడుందో సరిగ్గా అక్కడే స్తుతి ఉంది, వేరే వాక్యం అక్కర్లేదు. పరీక్ష కూడా అదే. తిట్టులోని ప్రతి ముక్కకూ రెండో అర్థం ఉండాలి, ఆ అర్థంలో దేవుడు పెద్దవాడు కావాలి. ‘చేతుల్లేనోడివి, నాకేటిస్తావు’ దగ్గర ఆగిపోతే అది చనువు తిట్టే. ‘చేతుల్లేనోడివి, ఇంతమందిని ఎలాగ లాక్కొచ్చేస్తన్నావు?’ అంటే నిందాస్తుతి. ఎందుకంటే ‘చేతులూ కాళ్లూ లేకుండానే పట్టుకుంటాడు, పరుగెత్తుతాడు’ అని పరమాత్మను శ్వేతాశ్వతరోపనిషత్తు పొగిడింది. మామ్మగారు ఆ రెండో ముక్క కూడా అంటారేమో ఈసారి వినండి.

ఈ కొలతతో చూస్తే రామదాసు ‘ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు’ అన్నది నిందాస్తుతి కాదు, నేరుగా నిందే. అందుకే ఆ కీర్తనలోనే తర్వాత, దెబ్బలకు ఓర్వలేక తిట్టాను అని చెప్పుకోవలసి వచ్చింది. నిందాస్తుతికి క్షమాపణ అక్కర్లేదు. శతకం పొడుగునా నిందాస్తుతి చేసినవాడు కాసుల పురుషోత్తమ కవి. ఆయన మకుటంలోని శ్రీకాకుళం మీకు పక్కనున్న శ్రీకాకుళం కాదు, కృష్ణా జిల్లాలో ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న ఊరు. మీ జిల్లా నుంచి వచ్చే ఉత్తరాల్లో ఈ పొరపాటు తరచూ చూస్తుంటాను.

పూరీలో ఈ ధోరణి ఉత్సవంగానే ఉంది. తనను వదిలి రథమెక్కి వెళ్లిన భర్త మీద అలిగి హేరా పంచమి నాడు లక్ష్మి వెళ్లి రథంలో చిన్న ముక్క విరుస్తుంది. తిరిగొచ్చిన నీలాద్రి బిజే రోజున తలుపు మూస్తుంది. రెండు వైపులా సేవకులు నిలబడి దేవుడి తరఫునా దేవి తరఫునా మాటలు విసురుకుంటారు, రసగుల్లాలతో అలక తీరుతుంది. ఆ మాటలకు సరైన తెలుగు పేరు ఎత్తిపొడుపే. నిందాస్తుతి భక్తుడిది, ఇది భార్యది.

కళలో సంగతి క్లుప్తంగా. పాత్రకు తెలియనిది చూసేవాళ్లకు తెలిసి ఉండటాన్ని పాఠ్యపుస్తకాలు ‘నాటకీయ వ్యంగ్యం’ అంటున్నాయి. పేరు బాగాలేదు కానీ పాతుకుపోయింది. గంజాం ప్రహ్లాద నాటకంలో మెట్ల పీఠం మీద అటూ ఇటూ ఎక్కి దిగే హిరణ్యకశిపుడు కంబాన్ని చూపి అడిగే క్షణం ఇలాంటిదే. లోపల ఎవరున్నారో తెలియనివాడు ఆ జాగాలో ఆయనొక్కడే. భవభూతి నాటకం ఉత్తరరామచరితంలో రాముడు సీత గురించి ‘ఈమె విరహమొక్కటే భరించలేనిది’ అంటుండగా ద్వారం కాచే ప్రతీహారి వచ్చి ‘వచ్చాడు దేవా’ అంటుంది. వచ్చింది వేగు దుర్ముఖుడు, వెంట వచ్చింది విరహం. నాటకలక్షణాలు చెప్పే దశరూపకం రాసిన ధనంజయుడు ఇలాంటి అతుకును గండం అన్నాడు.

కథ చెప్పేవాడే మెలిక వేయడానికి మీ ఒడియాలోనే గొప్ప నమూనా ఉంది, ఫకీర్ మోహన్ సేనాపతి నవల ‘ఛ మాణ ఆఠ గుంఠ’. పుస్తకంగా 1902లో వచ్చింది. జమీందారు మంగరాజు ఎంత నిష్ఠాపరుడంటే ఏడాదికి 24 ఏకాదశులున్నా, 40 ఉన్నా అన్నీ ఉండేవాడేనట. ఆ వెంటనే రాత్రి ఆయన గదిలో పాలూ అరటిపళ్లూ ఉన్న సంగతి, తెల్లారేసరికి గిన్నె ఖాళీ అయిన సంగతి అమాయకంగా చెబుతాడు. ఎక్కడా ‘దొంగభక్తుడు’ అనడు. దాన్ని తెలుగు చేసేటప్పుడు ‘వ్యంగ్యంగా’ అని చేర్చాలనిపిస్తే చేతిని ఆపుకోవాలి.

మీ వ్యాసానికి కూడా అదే పని చేయండి. సంపాదకులు మాటలు కొట్టేసి ఊరుకున్నారు కాబట్టి వాక్యం తోక తెగి ఉంది. ‘ఊరందరికీ ఇళ్లు కట్టిన మేస్త్రీకే ఇల్లు లేదు’ అని రాసి అక్కడ చుక్క పెట్టండి.