చెరి సగం అనుకునే ముందు

ప్రశ్న: డాలస్‌కు వచ్చి ఏడాదైంది. హెచ్4 ఈఏడీ (జీవిత భాగస్వామి వీసా మీద వచ్చినవాళ్లకిచ్చే పని అనుమతి) ఉంది. స్నేహితురాలు 40,000 డాలర్లు పెడతానంటోంది, వంట పని నాది. క్యాటరింగ్ మొదలుపెట్టి లాభం చెరి సగం పంచుకుందామనుకుంటున్నాం. సరేనా?

జవాబు: అమ్మా, వంట చేతిలో ఉంటే ఆర్డర్లు వస్తాయి. నా బెంగంతా ఆ ‘చెరి సగం’ మీదే. కొత్తగా వచ్చినవాళ్లు మొహమాటానికి పోయి ఈ మాట అనేస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి రోజూ పిండి రుబ్బే చేతికీ, డబ్బు పెట్టి కూర్చున్న చేతికీ ఒకటే వాటా ఏమిటన్న ప్రశ్న వస్తుంది.

పనికి కూలి, పెట్టుబడికి వడ్డీ, మిగిలినది లాభం. ఈ మూడూ వేరుచేసి చూడండి. వారానికి 30 గంటలంటే నెలకు 130 గంటలు. గంటకు 18 డాలర్ల చొప్పున 2,340. నలభై వేలకు ఏడాదికి 6 శాతం వడ్డీ, నెలకు 200. ఖర్చులన్నీ పోను నెలకు 4,000 మిగిలితే, ఈ రెండూ తీసేశాక ఉండేది 1,460. దాన్ని సగం చేస్తే మీకు మొత్తం 3,070, ఆమెకు 930. ఉత్త చెరి సగమైతే ఇద్దరికీ 2,000. ఈ రెండు లెక్కలూ ఒకే కాగితం మీద పెట్టి ఇద్దరూ చూడాలి. మిగలని నెలలో మీ కూలి బాకీగా రాసుకోవాలా, వదులుకోవాలా అన్నదీ అప్పుడే తేల్చుకోండి.

సొంత వంటగదికి ఇప్పుడే తొందరపడకండి. గంటల లెక్కన అద్దెకిచ్చే కమర్షియల్ కిచెన్లు ఉంటాయి, మొదటి ఆరు నెలలు అవి చాలు. పెద్ద గ్రైండరూ ఫ్రీజరూ కొనేస్తే వ్యాపారం ఆగినా వాటి డబ్బు తిరిగి రాదు. పర్మిట్ల సంగతి మీ సిటీ హెల్త్ విభాగాన్ని అడగండి. స్నేహితురాలు హెచ్1బీలో, అంటే ఉద్యోగమిచ్చిన కంపెనీకే పనిచేయాల్సిన వీసాలో ఉంటే పెట్టుబడి పెట్టవచ్చేమో గానీ ఉల్లిపాయలు తరగడానికి కూడా రాకూడదు. ఆ వివరం లాయరు దగ్గర తేల్చుకోండి.

ఓట్లు సమానమైతే పేచీ తెగదు. మెనూ, సరుకులు మీ మాట. లెక్కలు, ధరలు ఆమె మాట. 1,000 డాలర్లు దాటిన ఖర్చుకు ఇద్దరి సంతకం. బ్యాంకు ఖాతా ఇద్దరి ఫోన్లలోనూ కనబడాలి. ఒకరు తప్పుకుంటే 90 రోజుల ముందు చెప్పాలి, వాటాకు ధర కట్టే పద్ధతి రాసి ఉండాలి, సొమ్ము 12 వాయిదాల్లో ఇవ్వాలి. వాయిదాలు లేకపోతే ఒకరు వెళ్లిన రోజే వ్యాపారం మూతపడుతుంది.

పన్ను దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఇద్దరూ కలిసి ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెడితే, మీరు వేరే విధానం ఎంచుకోకపోతే, ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దాన్ని భాగస్వామ్యంగా చూస్తుంది. లాభం తీసుకోకుండా బ్యాంకులోనే ఉంచినా, మీ వాటా మీద పన్ను ఆ ఏడాదే మీకు పడుతుంది. అందుకే పన్నుకు సరిపడా సొమ్ము పంచుకోవడం తప్పనిసరి అని ఒప్పందంలో రాయించండి. మీ కూలిలోంచి ముందుగా ఎవరూ పన్ను పట్టుకోరు. సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్యం) పన్నులు కలిపి సుమారు 15.3 శాతం మీరే కట్టాలి, ఆదాయపు పన్ను వేరు. వచ్చిన ప్రతి వందలో పాతిక వేరే ఖాతాలో వేసి, ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి 15లకు కడుతూ ఉండండి. వ్యాపారం తరఫున ఇచ్చే భాగస్వామ్య రిటర్ను, అంటే 1065 ఫారానికి గడువు మార్చి 15.