కొట్టే ముందు అంచు చూడు

నాయనా,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. బాణపు మొన చేద్దామని అరచేతంత రాయితో మొదలుపెడితే చివరికి బొటనవేలంత ముక్క మిగిలిందని రాశావు. దెబ్బలో బలం చాలడం లేదేమో, ఇంకా పెద్ద సుత్తిరాయి తీసుకోనా అని అడిగావు. వద్దు. నీ ముక్కల అంచులన్నీ జాగ్రత్తగా చూశాను. ఒక్కదాన్ని కూడా నువ్వు అరగదీయలేదు. తప్పంతా అక్కడే ఉంది.

చెకుముకి రాయి గాజులా పగులుతుంది. దెబ్బ తగిలిన చోటు నుంచి బలం శంఖువు ఆకారంలో లోపలికి పరుచుకుంటుంది. అంచు దగ్గర కొడితే ఆ శంఖువులో ఒక పక్క మాత్రమే పెచ్చుగా ఊడి వస్తుంది. నువ్వు కొట్టే వైపుకీ, పెచ్చు ఊడాల్సిన వైపుకీ మధ్య కోణం 90 డిగ్రీల లోపే ఉండాలి. అది దాటితే ఎంత గట్టిగా కొట్టినా రాయి నలుగుతుంది, చెయ్యి జివ్వుమంటుంది, అంతే. పైగా పెచ్చు ఎప్పుడూ గట్టు వెంట, అంటే రాయి మీద ఉబ్బెత్తుగా లేచిన గీత వెంట నడుస్తుంది. రాయి మీద గట్టు ఉంటే దాని వెంట పొడవుగా వస్తుంది. చదునుగానో గుంటగానో ఉంటే సగంలోనే విరిగి మెట్టులా ఆగిపోతుంది. నీ రెండో ఫొటోలో ఒకే చోట మూడు మెట్లున్నాయి. మెట్టు పడ్డాక విసుగుతో అక్కడే మళ్లీ మళ్లీ కొట్టి ఉంటావు. ఈసారి ఆపి, రాయి తిప్పి, ఎదుటి అంచు నుంచి పొడవాటి పెచ్చు తీసి ఆ మెట్టును దాంతోపాటే లేపెయ్.

ఇక అరగదీయడం. పెచ్చు ఊడిన అంచు బ్లేడులా పల్చగా ఉంటుంది. దాని మీద కొడితే అంచే పొడి అవుతుంది, బలం లోపలికి పోదు. గరుకు రాయితో రుద్ది, వేలు తెగనంత మొద్దుగా చెయ్యి. పదునైన వస్తువు చేయడానికి ముందు పదును తీసెయ్యడమేమిటని నాకూ మొదట్లో మనసొప్పలేదు. ఇప్పుడు పది నిమిషాలు పనిచేస్తే అందులో ఆరేడు నిమిషాలు రుద్దడానికే పోతాయి. కొట్టడం క్షణంలో పని.

మంచి రాయిని ఇప్పుడే పాడుచేసుకోకు. మందపాటి గాజు సీసా అడుగుతో నేర్చుకో. అది తక్కువ రకం పనేమీ కాదు. 1911లో కాలిఫోర్నియాలో బయటి ప్రపంచానికి కనిపించిన యాహీ జాతి మనిషి ఇషీ, 1916లో చనిపోయేదాకా మ్యూజియంలో ఉంటూ సీసా గాజుతో ఎంతో అందమైన మొనలు చేసి చూపించాడు. తోలు ముక్క మీద గాజు పెట్టి, కొమ్ము మొనతోగానీ రాగి మొనతోగానీ అంచును లోపలికి నొక్కి, ఆ తర్వాత కిందికి వంచు. మణికట్టుతో కాదు, భుజం బరువుతో నొక్కాలి.

మొనలు పాడవుతున్నాయని బాధపడకు. ఫోల్సమ్ అనే ప్రాచీన రాతి మొనల నడుమ ఉండే పొడవాటి గాడిని పాతకాలం వాళ్లు ఎలా తీశారో తెలుసుకోవడానికి అమెరికాలో డాన్ క్రాబ్‌ట్రీ దశాబ్దాలపాటు రాళ్లు పగలగొట్టాడు. ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా బోర్డ్ కూడా అలాగే చేత్తో చేసి నేర్చుకున్నవాడు. 1964లో ఫ్రాన్స్‌లోని లెజెజీ అనే ఊళ్లో ఇద్దరూ కలిసి కూర్చుని రాళ్లు చెక్కారు. ఈ విద్య మళ్లీ బతకడంలో వాళ్ల చేతులకు పెద్ద పాత్ర ఉంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం బతిమాలి చెబుతున్నాను. గదిలో కూర్చుని చెయ్యకు. ఇంగ్లండ్‌లోని బ్రాండన్‌లో తుపాకుల కోసం చెకుముకి రాళ్లు చెక్కినవాళ్లలో చాలామంది ఆ దుమ్ము పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. ఊపిరితిత్తుల్లో చేరిన ఆ పొడి మళ్లీ బయటికి రాదు. అందుకే ఆరుబయట, గాలి నీ మీద నుంచి అవతలికి వీచేలా కూర్చో. సన్నటి దుమ్మును ఆపే మాస్క్ పెట్టుకో, గుడ్డ మాస్క్ చాలదు. అంచు రుద్దేటప్పుడే దుమ్ము ఎక్కువ లేస్తుంది, అప్పుడు అస్సలు తియ్యకు. కళ్లద్దాలు లేకుండా ఒక్క దెబ్బ కూడా కొట్టకు. ఒళ్లో మందపాటి తోలు పరుచుకో. ఆ బట్టలతో ఇంట్లోకి వెళ్లి పసిపిల్లల్ని ఎత్తుకోకు.

చేసిన ప్రతి మొన మీదా వజ్రపు మొనతో నీ గుర్తు, సంవత్సరం గీయి. ఎవరికి ఇచ్చినా కొత్తదనే చెప్పి ఇవ్వు. పాతదని నమ్మించి అమ్మితే చరిత్రలో అబద్ధం చేరుతుంది. పెచ్చుల విషయం కూడా అంతే. కింద పట్టా పరుచుకుని ఒక్క రవ్వ కూడా మిగలకుండా ఎత్తు. పాతరాతియుగపు ఆనవాళ్లు దొరికే నేలలో మాత్రం వాటిని పారెయ్యకు. ఇంకెక్కడైనా గొయ్యి తీసి పూడ్చేటప్పుడు, అడుగున ఈ ఏడాది నాణెం ఒకటి వేసి దాని మీద పెచ్చులు పోయి. ఎప్పుడో ఎవరైనా తవ్వితే ఇవి ఎప్పటివో వాళ్లకు తెలుస్తుంది.

ఈసారి ఫొటో పంపేటప్పుడు మొనది కాదు, కొట్టబోయే ముందు అంచుది తీసి పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న