ఆస్ట్రేలియా బందిపోటు నెడ్ కెల్లీ తండ్రి అక్కడికి ఖైదీగా ఎందుకు వెళ్లాడు?

రెండు పందులను దొంగిలించినందుకు. ఐర్లాండ్‌లోని టిప్పరరీకి చెందిన జాన్ కెల్లీకి 1841లో ఏడేళ్ల ద్వీపాంతరవాస శిక్ష పడింది. ఓడెక్కించి వాన్ డీమెన్స్ ల్యాండ్‌కు, అంటే నేటి టాస్మేనియాకు తరలించారు. 1848లో విడుదలై ఇప్పటి విక్టోరియాకు చేరాడు. 1850లో ఎలెన్ క్విన్‌ను పెళ్లాడాడు.

శిక్ష తీరింది గానీ లేమి తీరలేదు. 1865లో ఇంట్లో దొంగిలించిన దూడ తోలు దొరికిందని 25 పౌండ్ల జుర్మానా వేశారు. పూట గడవని రైతుకు అది మోయలేని మొత్తం. కట్టలేక మళ్లీ జైలుకు వెళ్లాడు. నా దృష్టిలో ఆ కుటుంబాన్ని కుంగదీసింది పందుల కేసు కన్నా ఇదే. 1866 డిసెంబరులో ఏవెనెల్‌లో కన్నుమూశాడు. ఆ మరణాన్ని నమోదు చేయించింది ఇంకా మీసమైనా రాని నెడ్. 1880లో అతణ్ని మెల్‌బోర్న్‌లో ఉరితీశారు.