429 కోట్లు దాటిన సంఖ్య: ప్రధానమా, కాదా?

ప్రశ్న: 4,29,49,67,297 అనే సంఖ్యను నూరు లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటితోనూ భాగించి చూశాను. ఒక్కదానితోనూ నిశ్శేషంగా పోలేదు. దీన్ని ప్రధాన సంఖ్యగా తీసుకోవచ్చునా?

జవాబు: తీసుకోకూడదు. మీ భాగహారాలలో తప్పు లేదు కానీ, ఒక సంఖ్య ప్రధానమని ఈ పద్ధతిలో తేల్చాలంటే దాని వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నింటినీ పరీక్షించాలి. ఇక్కడ వర్గమూలం 65,536 కంటే రవ్వంత ఎక్కువ. అంతవరకు 6,542 ప్రధాన సంఖ్యలు ఉండగా మీరు ఇరవై ఐదింటితో ఆగారు.

మీరు ఎంచుకున్నది గణిత చరిత్రలో పేరుపొందిన సంఖ్య. అది 2³² + 1. రెండు ఘాతం 1, 2, 4, 8, 16లకు ఒకటి కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65,537 అన్నీ ప్రధానాలే కాబట్టి, ఆ వరుసలో తరువాత వచ్చేవి కూడా అలాగే ఉంటాయని 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మారు. ఆ నమ్మకం చెల్లదని 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ చూపారు: ఈ సంఖ్య 641 × 67,00,417కు సమానం.

641 దగ్గరికి గుడ్డిగా వెతుక్కుంటూ పోనవసరం లేదు. 2³² + 1ను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలని ఆయిలరే నిరూపించారు. ఆ లక్షణం ఉన్న ప్రధానాలను వరుసగా రాస్తే 193, 257, 449, 577, 641 వస్తాయి. అంటే అయిదో ప్రయత్నంలోనే భాజకం దొరుకుతుంది.

నాకు ఎంతో ఇష్టమైన నిరూపణ ఒకటి ఉంది. దానికి భాగహారమే అక్కరలేదు. 641ని 5 × 2⁷ + 1గానూ, 5⁴ + 2⁴గానూ రాయవచ్చు. మొదటి రూపాన్ని బట్టి, 641తో భాగించేటప్పుడు 5 × 2⁷కు శేషం −1 అవుతుంది (అంటే నిశ్శేషంగా పోవడానికి ఒకటి తక్కువ). దాన్ని నాలుగో ఘాతానికి పెంచితే 5⁴ × 2²⁸కు శేషం 1 అవుతుంది. రెండో రూపాన్ని బట్టి 5⁴కు బదులు −2⁴ను వాడుకోవచ్చు కాబట్టి −2³²కు శేషం 1, అందువల్ల 2³² + 1కి శేషం సున్న. కాగితం మీద ఒకసారి స్వయంగా రాసి చూడండి, ఆ రెండు రూపాలు ఎంత చక్కగా కలిసివస్తాయో తెలుస్తుంది.

భాజకం ఏదో తెలియకపోయినా ఇది ప్రధానం కాదని చెప్పే దారి ఇంకొకటి ఉంది. ఏ ప్రధాన సంఖ్యనూ రెండు వర్గాల మొత్తంగా ఒకటికి మించిన విధాలుగా రాయలేము. ఈ సంఖ్యేమో 65,536² + 1² అవుతుంది, 62,264² + 20,449² కూడా అవుతుంది.

ఇక 67,00,417 ప్రధానమేనా అన్న సందేహం మీకు తప్పక వస్తుంది. ప్రధానమే. దాని వర్గమూలం 2,588 పైచిలుకు. 64తో భాగిస్తే 1 మిగిలే ప్రధానాలు ఆ హద్దులోపు పదకొండే ఉన్నాయి. వాటిలో మొదటి నాలుగూ అసలు సంఖ్యనే భాగించవు కనుక 641, 769, 1,153, 1,217, 1,409, 1,601, 2,113 అనే ఏడింటితో మీరే భాగించి సరిచూసుకోవచ్చు.