స్క్రీన్ ముందు కళ్ల మంట: క్యారెట్ సంగతి తర్వాత, ముందు ఆ చుక్కల మందు చూడండి

ప్రశ్న: నా వయసు 31. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజూ పది గంటలు ల్యాప్‌టాప్ ముందే. సాయంత్రానికి కళ్లు మంట, తలనొప్పి. ఫ్రెండ్ వాడిన చుక్కల మందు మెడికల్ షాపులో కొని మూడు నెలలుగా వేసుకుంటున్నాను, హాయిగా ఉంటోంది. ఈమధ్య రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయి. క్యారెట్ జ్యూస్ తాగితే తగ్గుతుందా? ఇంకేం తినాలి?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు అడిగింది క్యారెట్ గురించి. నాకు టెన్షన్ పెడుతున్నది మాత్రం ఆ మూడు నెలల చుక్కలు, లైట్ల చుట్టూ వలయాలు.

సీసా మీద సన్నటి అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్, బీటామెథసోన్ లాంటిది ఉంటే అది స్టెరాయిడ్. యాంటీబయాటిక్‌తో కలిపి కూడా వస్తుంది కాబట్టి రెండో పేరూ చూడండి. స్టెరాయిడ్ వేస్తే ఎరుపు, మంట తగ్గి హాయిగానే ఉంటుంది. కానీ కొందరిలో వారాల్లోనే కంటిలో ప్రెషర్ పెరిగిపోతుంది. సాధారణంగా అది 10 నుంచి 21 mmHg (ప్రెషర్ కొలత) మధ్య ఉంటుంది. పెరిగినా చాలామందికి నొప్పి ఉండదు, పక్క చూపు మెల్లగా పోతుంటే తెలియదు. ఇలా ప్రెషర్ వల్ల కంటి నరం దెబ్బతినడాన్నే గ్లకోమా అంటారు, దాంతో పోయిన చూపు తిరిగి రాదు. ఎక్కువ కాలం వాడితే శుక్లాలు కూడా రావచ్చు. మీకు అదే జరిగిందని చూడకుండా చెప్పలేను, వలయాలకు వేరే కారణాలూ ఉంటాయి. అయినా ఒకరికి రాసిన మందు ఇంకొకరు వేసుకోవడం ఏంటండీ? చదువుకున్నవాళ్లే ఇలా చేస్తుంటే బాధగా ఉంది.

ఇక మంట సంగతి. మామూలుగా నిమిషానికి పదిహేను సార్లు కొట్టుకునే రెప్పలు స్క్రీన్ చూసేటప్పుడు ఐదారుకు పడిపోతాయి. కన్నీటి పొర ఆరిపోతుంది. ఏసీ గాలి నేరుగా ముఖానికి తగిలితే ఇంకా ఎక్కువ. ఇరవై నిమిషాలకోసారి తల ఎత్తి ఇరవై అడుగుల దూరంలో దేన్నైనా ఇరవై సెకన్లు చూడండి, కావాలని రెప్పలు ఆర్పండి. స్క్రీన్‌ను చేయి చాపినంత దూరంలో, కంటి మట్టానికి కాస్త కిందికి పెట్టుకోండి. తలనొప్పి ఉందంటున్నారు కాబట్టి సైట్ పరీక్ష తప్పనిసరి.

విటమిన్ ఎ లోపం ఉంటే తప్ప క్యారెట్ మీ మంటను తగ్గించదు. తినండి, మంచిదే. జ్యూస్ కంటే కూరగా, కాస్త నూనెతో అయితే బాగా ఒంటబడుతుంది. మునగాకు పప్పు, తోటకూర, గుడ్డు పచ్చసొన, చేపలు కంటికి మేలే. చేపనూనె మాత్రలు కొనాల్సిన పని లేదు. 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో పొడి కళ్లకు అవి ఆలివ్ నూనె కంటే ఎక్కువ మేలు చేయలేదని తేలింది.

ఆలస్యం చేయకుండా, రేపే ఆ సీసా పట్టుకుని కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. ప్రెషర్, కంటి నరం చూడమని అడగండి. ఇంట్లో ఎవరికైనా గ్లకోమా ఉంటే చెప్పండి. మందు వెంటనే ఆపాలా, మెల్లగా తగ్గించాలా అన్నది ఆయనే చెప్పాలి. ఈలోగా కన్ను ఎర్రబడి తీవ్రమైన నొప్పి, వాంతులు, చూపు మసకబారడం ఉంటే రేపటి దాకా కూడా ఆగొద్దు, ఎమర్జెన్సీకి వెళ్లండి.