సంక్రీ బయల్దేరుతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేసి ఉత్తరాఖండ్‌లో నీ కేదార్‌కంఠ శిఖరం ప్లాన్ చెప్పాడు. డెహ్రాడూన్ దాకా ఫ్లైటు, అక్కడ కారు అద్దెకు తీసుకుని మీరు నలుగురూ సొంతంగా నడుపుకుంటూ సంక్రీ వెళ్లడం, అక్కణ్ణుంచి మంచులో ట్రెక్కు. "దాన్ని ఆపగలిగేది నువ్వే అక్కా" అన్నాడు. నేను ఆపను. మనింటి పిల్ల తన జీతం డబ్బులతో మంచుకొండ ఎక్కుతానంటుంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు, అది కూడా నిజం. వాట్సాప్‌లో పెడితే పైపైన చూసి వదిలేస్తావని కాగితం మీద రాస్తున్నాను. కూర్చుని చదువు.

బట్టల సంగతి నీకు తెలిసే ఉంటుంది. కాటన్ వద్దు, చెమటకి తడిస్తే ఆరదు. ఒకదానిమీద ఒకటి మూడు పొరలు వేసుకో. పడుకునేటప్పుడు వేసుకోవడానికని ఒక జత పొడి సాక్సు విడిగా దాచుకో, ఎంత చలేసినా పగలు వాటిని బ్యాగ్‌లోంచి బయటికి తియ్యకు. నల్ల కళ్లద్దాలు షోకు కోసం కాదు. కొత్తగా పడ్డ మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, కళ్లు మండిపోతాయి. టెంట్‌లో నీళ్ల సీసాని తలకిందులుగా పెట్టు. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి తెల్లారి మూత దగ్గర నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. డబ్బులు దారిలో వచ్చే పురోలా ఊళ్లోనే తీసుకో.

ఇక కారు. డెహ్రాడూన్ నుంచి సంక్రీ 200 కిలోమీటర్లకి అటూ ఇటుగా ఉంటుంది. నువ్వు మ్యాప్‌లో చూసి ఇంతేగా అనుకుని ఉంటావు. ముస్సోరీ దాటాక యమున పక్కనే, తర్వాత పురోలా, మోరీ మీదుగా పైన్ అడవుల్లో మలుపులే మలుపులు, పగలంతా దానికే సరి. ఎండ తగలని మలుపుల్లో రాత్రి కారిన నీళ్లు తారు మీద అద్దంలా గడ్డకట్టి ఉంటాయి. నల్ల రోడ్డు నల్లగానే కనిపిస్తుంది, మంచు ఉన్నట్టే తెలియదు. బ్రేకు గట్టిగా తొక్కితే బండి చెప్పినట్టు వినదు. మన బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో నువ్వు ఎంత బాగా నడిపినా ఆ విద్య అక్కడ పనికిరాదు. కొండ డ్రైవర్ని పెట్టుకోండి. తెల్లారకుండానే లేచి, వెలుగు రాగానే బయల్దేరి, చీకటి పడేలోగా సంక్రీలో ఉండండి.

ఇప్పుడు అసలు సంగతి. నన్ను నిద్రపోనివ్వనిది ఇదే.

అప్పట్లో మా ఆఫీసు వాళ్లం కొందరం చలికాలంలో చంద్రశిల శిఖరం ఎక్కడానికి వెళ్లాం. ముందురోజు రాత్రి కింద ఊళ్లో ఒక చిన్న లాడ్జిలో దిగాం, ఆడవాళ్లకి రెండు గదులు. లాడ్జి కుర్రాడు బొగ్గుల కుంపటి తెచ్చాడు, వాళ్లు అంగీఠీ అంటారు. మా గది దాకా వచ్చేసరికి బొగ్గులు అయిపోయాయి. పక్కగది వాళ్లకి దక్కింది. నేను చేతులు కాచుకుందామని వెళ్లి కాసేపు కూర్చున్నాను. పైన బూడిద కట్టి, లోపల ఎర్రగా, పొగ అన్నదే లేదు, వాసనా లేదు. తలుపు కాస్త తెరిచి ఉంచమని కుర్రాడు మరీ మరీ చెప్పి వెళ్లాడు. అయినా నేను బయటికి రాగానే, చలిగాలి రాకుండా తలుపు కింద సందులో తువ్వాలు కుక్కి పడుకున్నారు.

తెల్లవారుజామున బయల్దేరదామని తలుపు కొడితే పలకలేదు. ఎంత కొట్టినా లేదు. గడియ ఊడగొట్టి చూస్తే ఒకావిడ మంచం మీదే వాంతి చేసుకుని ఉంది. ఇంకో ఆవిడ కళ్లు తెరిచి మమ్మల్ని చూస్తోంది, కానీ లేవలేకపోతోంది, నోట మాట రావడం లేదు. మూడో ఆవిడకి స్పృహే లేదు. మాలో అందరూ ఎత్తు పడలేదన్నారు. దుప్పట్లు కప్పి, తలుపు వేసి, వెచ్చగా పడుకోబెడదామన్నారు. మా జీపు డ్రైవరు లోపలికొచ్చి కుంపటి చూశాడు. ఒక్క మాట మాట్లాడకుండా స్పృహలేని ఆవిణ్ణి చంకల కింద పట్టుకుని ఆ గడ్డకట్టే చలిలో వరండాలోకి ఈడ్చుకొచ్చాడు. తర్వాత మిగతా ఇద్దర్నీ. కింద ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, ముగ్గురూ బతికారు. స్పృహ తప్పిన ఆవిడకి తర్వాత చాలాకాలం మతిమరుపు పోలేదు, తెలిసిన లెక్కలే మళ్లీ మళ్లీ అడిగేది. ఆ తువ్వాలు నాకిప్పటికీ కళ్లముందే ఉంది అమ్మలూ, నీలం చారలది.

అది కార్బన్ మోనాక్సైడ్. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, తల తిరగడం, అన్నీ ఎత్తు వల్ల వచ్చే జబ్బులాగే ఉంటాయి. అందుకే ఎవరికీ అనుమానం రాదు. నీ బ్యాగ్‌లో ఆక్సీమీటర్ ఉంటుందని తెలుసు. మామూలు ఆక్సీమీటర్‌కి ఈ విషం ఆక్సిజన్‌లాగే కనిపిస్తుంది, 97 చూపించినా నమ్మకు. ఒకే గదిలోనో టెంట్‌లోనో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి తల నొప్పి మొదలైతే ముందు బయటికి రండి, ఆలోచించడం తర్వాత. మన బెంగళూరులో గాలి ఆడని బాత్రూముల్లో గ్యాస్ గీజర్ల వల్ల పోయినవాళ్ల వార్తలు చదువుతూనే ఉంటాం కదా, వాళ్లని చంపేదీ ఇదే.

గదిలో కుంపటి వద్దు. టెంట్‌లో స్టవ్ వద్దు, టీ కోసమైనా సరే. మంచులో కారు ఆగిపోతే హీటర్ కోసం ఇంజన్ ఆన్ చేసి పడుకోవద్దు. సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోతే ఆ పొగ లోపలికే వస్తుంది. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ దగ్గర మంచులో చిక్కుకుని 20 మందికి పైగా పోయారు, చాలామంది కార్లలోనే.

ఇక ఎత్తు సంగతి. బెంగళూరు 3,000 అడుగులు, శిఖరం 12,500. తల నొప్పి వస్తే దాచకు. నువ్వు దాస్తావు, నాకు తెలుసు. చిన్నప్పుడు 102 జ్వరంతో స్కూలు స్పోర్ట్స్‌లో పరిగెత్తినదానివి. గైడ్‌కి వెంటనే చెప్పు, ఆ రోజు ఇంక పైకి వెళ్లకు. నడక తూలినా, మాట తడబడినా రాత్రయినా సరే కిందికి దిగాల్సిందే. శిఖరం వంద అడుగుల దూరంలో ఉన్నా వెనక్కి తిరుగు. మీ నాన్నతో నేను మాట్లాడతాను, ఎవరూ నిన్నేమీ అనరు.

సంక్రీ దాటాక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకు. ఏ రాత్రి ఏ క్యాంపులో ఉంటావో రాసి మీ అమ్మకి ఒక కాగితం, నాకు ఒక కాగితం ఇవ్వు.

కొత్త బూట్లు కొని ఉంటే రేపట్నుంచే వేసుకుని నడువు. ఆదివారం పొద్దున్నే మల్లేశ్వరం రా, శాంకీ ట్యాంక్ చుట్టూ నేనూ వస్తాను. నా డౌన్ జాకెట్ ఎండలో వేసి ఉంచాను, అది పట్టుకెళ్లు. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆర్డర్ పెట్టాను, ఆదివారానికి వచ్చేస్తుంది. డ్రైవర్ని మాట్లాడటానికి డబ్బులు సరిపోకపోతే నేనిస్తాను, మీ నాన్నని అడగక్కర్లేదు.

మీ అత్త